లిగమెంట్ ఆపరేషన్ తర్వాత మళ్ళీ కూతకు వెళ్ళాలంటే

సంక్రాంతి కబడ్డీ టోర్నమెంటు, మట్టి కోర్టు, ఆట రెండో సగం. బోనస్ గీత దాటి వెనక్కి తిరుగుతున్నాను. కార్నర్‌లో ఉన్న కుర్రాడు నా చీలమండ మీదికి దూకాడు గానీ అతని చెయ్యి నన్ను తాకనే లేదు. తప్పించుకోవడానికి నేను వేసిన అడుగే నా కొంప ముంచింది. పాదం నేలలో నాటుకుపోయింది, ఒళ్ళు మాత్రం మధ్యగీత వైపు తిరిగింది. మోకాల్లో 'టప్' మని చప్పుడు. కూత ఆగిపోయింది. పది నిమిషాలకు లేచి నడిచాను కూడా, అందుకే ఎవరూ పట్టించుకోలేదు. రాత్రికి మోకాలు బూరెలా పొంగింది.

ఆ తర్వాత ఆకు కట్టు, నూనె మర్దన, "బెణికిందిలే, తగ్గిపోతుంది" అన్న ఓదార్పులు. మూడు నెలలకు బస్సు దిగుతుంటే మోకాలు పక్కకు జారి రోడ్డు మీద పడ్డాను. అప్పుడు ఎంఆర్ఐ, ఆ తర్వాత ఆపరేషన్. ఆపరేషన్ బాగానే అయింది. తప్పు నాది: నొప్పి లేదు కదా అని ఐదో నెలలో కోర్టులో దిగాను. అతికించిన లిగమెంట్ తెగలేదు, అదృష్టం. వచ్చిన వాపు తగ్గడానికి మాత్రం రెండు నెలలు పట్టింది.

ఇప్పుడు స్కూల్లో పీఈటీగా పిల్లలకు కబడ్డీ నేర్పుతున్నాను. ఇదే గాయమైన కుర్రాళ్ళు నలుగురు, అమ్మాయిలు ఇద్దరు నా కళ్ళముందు కోలుకున్నారు. వాళ్ళకు చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను. ఇందులో వారాలు, నెలలు అంచనాకు మాత్రమే. ఒక మెట్టు మీద మోకాలు నిలబడితేనే తర్వాతి మెట్టు ఎక్కాలి. మీ సర్జన్, ఫిజియోథెరపిస్ట్ మీ మోకాలు చూసి వేరేగా చెబితే వాళ్ళ మాటే వినండి.

అసలు తెగింది ఏమిటి, అతికించింది ఏమిటి

తొడ ఎముకను, దాని కింద ఉన్న కాలి ఎముకను మోకాలి నడిమధ్యలో ఏటవాలుగా కట్టి ఉంచే గట్టి తాడు లాంటిది ఏసీఎల్ అనే ఈ లిగమెంట్. కింది ఎముక ముందుకు జారకుండా, మరీ మెలి తిరగకుండా పట్టి ఉంచేది ఇదే. తిన్నగా నడిచేటప్పుడు దీనికి పెద్దగా పని ఉండదు. అందుకే అది తెగినవాడు కూడా కొద్ది వారాలకు మామూలుగా నడిచేస్తాడు, ఊళ్ళో వాళ్ళు తగ్గిపోయిందనుకుంటారు. పరుగులో ఆగి తిరిగినప్పుడో, ఎగిరి ఒంటికాలి మీద దిగినప్పుడో అసలు సంగతి బయటపడుతుంది. ఈ గాయాల్లో ఎక్కువ భాగం ఎవరూ గుద్దకుండా, పట్టకుండా అయ్యేవే. ఒకే ఆట ఆడే అబ్బాయిలకంటే అమ్మాయిల్లో ఇది రెండు మూడు రెట్లు ఎక్కువ.

చప్పుడు, కొద్ది గంటల్లోనే వాపు, ఆపైన మోకాలు జారిపోతున్నట్టు ఉండటం. ఈ మూడూ ఉంటే మర్దన చేయించకుండా ఎముకల డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. ఎక్స్‌రేలో ఎముకలే కనబడతాయి. కాబట్టి "ఎక్స్‌రే బాగానే ఉంది" అన్నంత మాత్రాన లిగమెంట్ బాగున్నట్టు కాదు. తెగిన ప్రతి ఒక్కరికీ ఆపరేషన్ అక్కర్లేదు కూడా. ఆటలు మానేసి, మోకాలు జారకుండా ఉన్నవాళ్ళు వ్యాయామంతోనే నెట్టుకొస్తారు. మళ్ళీ కూతకు వెళ్ళాలనుకునేవాళ్ళకు మాత్రం డాక్టర్లు ఎక్కువగా ఆపరేషనే చెబుతారు.

ఆపరేషన్‌లో తెగిన తాడును కుట్టరు, దాని చోట కొత్తది పెడతారు. మీ తొడ వెనక కండరపు నరం గానీ, మోకాలి చిప్ప కింది నరం గానీ, తొడ ముందు కండరపు నరం గానీ ముక్క తీసి, ఎముకల్లో రంధ్రాలు చేసి, అందులోంచి దూర్చి స్క్రూలతోనో బటన్‌తోనో బిగిస్తారు. (నరం అని మనం వాడుకలో అంటున్నది కండను ఎముకకు కలిపే గట్టి పట్టీనే. మెదడుకు కబురు మోసే నరం వేరు.) ఆ ముక్కను గ్రాఫ్ట్ అంటారు. డిశ్చార్జ్ కాగితం చేతికిచ్చేటప్పుడు రెండు ప్రశ్నలు అడిగి రాయించుకోండి: గ్రాఫ్ట్ ఎక్కడి నుంచి తీశారు? మెనిస్కస్ కూడా కుట్టారా? మెనిస్కస్ అంటే రెండు ఎముకల మధ్య ఉండే మెత్త. దాన్ని కుట్టి ఉంటే మొదటి నాలుగు నుంచి ఆరు వారాల్లో కాలి మీద ఎంత బరువు వేయాలి, ఎంత వంచాలి అన్నదానికి హద్దు పెడతారు. చాలామందికి 90 డిగ్రీలు దాటి వంచొద్దంటారు. పక్క బెడ్ మీది మనిషి నడిచేస్తున్నాడని మీరూ నడిచేస్తే ఆ కుట్లు ఊడతాయి.

ఇక అన్నింటికంటే ముఖ్యమైన సంగతి. నారు పీకి పొలంలో నాటాక మొక్క ముందు వాడుతుంది, వేరు పట్టాకే పచ్చబడుతుంది. గ్రాఫ్ట్ కథ కూడా అంతే. పెట్టిన రోజున దానికి రక్తప్రసారం ఉండదు. శరీరం దాన్ని కొంత కరిగించి, కొత్త రక్తనాళాలు పెంచి, మళ్ళీ అల్లుకుంటుంది. దాదాపు ఆరో వారం నుంచి పన్నెండో వారం దాకా అది బాగా బలహీనంగా ఉంటుంది. ఆ తర్వాత కూడా ఏడాది, అంతకు మించి నెమ్మదిగా గట్టిపడుతూనే ఉంటుంది. సరిగ్గా అది బలహీనంగా ఉన్న రోజుల్లోనే వాపు తగ్గి, నొప్పి పోయి, మీకు హుషారు వస్తుంది. నొప్పి లేకపోవడం గ్రాఫ్ట్ గట్టిపడిందనడానికి సాక్ష్యం కాదు. నేను ఐదో నెలలో మోసపోయింది ఇక్కడే.

ఆపరేషన్‌కు ముందు చేయాల్సిన పని

దెబ్బ తగిలిన వెంటనే, మోకాలు వాచి బిగుసుకుని ఉండగా, ఆపరేషన్‌కు తొందరపడొద్దు. మెనిస్కస్ ఇరుక్కుని మోకాలు లాక్ అయిపోవడం లాంటి అవసరం ఉంటే అది వేరు. మామూలుగా కొన్ని వారాలు ఆగి, వాపు తగ్గించి, మోకాలు పూర్తిగా తిన్నగా వచ్చేలా చేసి, తొడ ముందు కండ బిగించడం నేర్చుకుని, కుంటకుండా నడవగలిగాక వెళితే తర్వాతి ప్రయాణం తేలికవుతుంది. బిగుసుకున్న మోకాలితో లోపలికి వెళ్తే బిగుసుకున్న మోకాలితోనే బయటికి వస్తారు.

ఈ వారాల్లోనే ఒక నోటు పుస్తకం పెట్టండి. మంచి కాలి తొడ చుట్టుకొలత (చిప్ప పైనుంచి 15 సెంటీమీటర్ల ఎత్తున, టైలరు టేపుతో), జిమ్‌లో లెగ్ ఎక్స్‌టెన్షన్ మెషీన్ (కూర్చుని మోకాలు చాచుతూ బరువు ఎత్తేది) మీద మంచి కాలు ఒక్కటే ఎనిమిదిసార్లు ఎత్తగలిగే బరువు రాసుకోండి. ఇప్పుడు చాదస్తంలా కనిపిస్తుంది గానీ తొమ్మిదో నెలలో దీని విలువ తెలుస్తుంది.

ఇంట్లో ఏర్పాట్లు కూడా చూసుకోవాలి. నేల మీద పడుకునే అలవాటు ఉంటే మంచమో దివానో సిద్ధం చేసుకోండి. కింద కూర్చునే మరుగుదొడ్డి ఒక్కటే ఉంటే, మధ్యలో రంధ్రం ఉన్న కమోడ్ కుర్చీ మెడికల్ షాపుల్లో దొరుకుతుంది, కొనండి లేదా అద్దెకు తెచ్చుకోండి. చంక కర్రలతో మెట్లెక్కడం ముందే సాధన చేయండి. ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు ఆపరేషన్ కాలు ముందు.

మొదటి రెండు వారాలు: వంచడం కంటే చాచడం ముఖ్యం

ఇంటికొచ్చినవాళ్ళందరూ "ఎంత వంగుతోంది?" అనే అడుగుతారు. ఆ ప్రశ్న వదిలేయండి. వంగడం ఎలాగూ వస్తుంది. తిన్నగా రావడం మొదటి వారాల్లో రాకపోతే లోపల మచ్చ కణజాలం గడ్డలా చేరి అడ్డుపడుతుంది, ఒక్కోసారి దాన్ని తీయడానికి మళ్ళీ ఆపరేషన్ చేయాల్సి వస్తుంది. ఐదు డిగ్రీలు తక్కువైనా నడకలో కుంటు మిగులుతుంది, తొడ కండ పూర్తిగా బిగుసుకోదు.

మన ఇళ్ళల్లో అమ్మలు, అత్తలు ప్రేమకొద్దీ చేసే పని ఒకటుంది. మోకాలి కింద దిండు పెడతారు. హాయిగానే ఉంటుంది, కానీ మోకాలు ఆ వంపులోనే గట్టిపడిపోతుంది. దిండు తీసేయండి. చుట్టిన తువ్వాలు మడమ కింద పెట్టి, మోకాలి వెనక గాలి ఆడేలా వదిలి, రోజుకు ఐదారుసార్లు పదేసి నిమిషాలు అలా ఉంచండి. అది లాగుతుంది, కొంచెం సలుపుతుంది. ఉండనివ్వండి.

దానితోపాటు రోజంతా చేయాల్సినవి ఇవి. పాదాన్ని పైకీ కిందికీ గంటకోసారి ఆడించండి, పిక్కలో రక్తం గడ్డకట్టకుండా ఉంటుంది. మోకాలి వెనక భాగాన్ని పరుపు మీదికి నొక్కుతూ తొడ ముందు కండను బిగించి ఐదు సెకన్లు పట్టండి. ఇది పదేసి చొప్పున రోజుకు చాలాసార్లు. మొదట్లో కండ బిగుసుకోదు, మీ మాట వినదు. మోకాల్లో నీరున్నప్పుడు ఆ కండకు మెదడు నుంచి వెళ్ళే ఆజ్ఞను శరీరమే తగ్గించేస్తుంది. ఫిజియో దగ్గర కరెంటు పెట్టే మెషీన్ ఉంటే ఈ దశలో అది బాగా పనికొస్తుంది. కండ బిగుసుకుంటున్నాక, మోకాలు ఏమాత్రం వంగకుండా కాలు తిన్నగా పైకెత్తడం మొదలుపెట్టండి. ఎత్తుతుంటే మోకాలు కొద్దిగా వంగిపోతోందంటే కండ ఇంకా మేలుకోలేదని అర్థం. చిప్పను వేళ్ళతో పట్టుకుని పైకీ కిందికీ పక్కలకూ కదపడం ఫిజియో దగ్గర నేర్చుకోండి, కుట్లు ఆరాక ఇంట్లోనే చేసుకోవచ్చు.

ఐస్ రెండు మూడు గంటలకోసారి 15 నుంచి 20 నిమిషాలు, గుడ్డ చుట్టి. కాలు గుండె కంటే ఎత్తులో ఉంచండి. రెండు వారాలకు 90 డిగ్రీల వంపు వస్తే చాలు.

పిక్కలో ఒకచోట పట్టేసినట్టు నొప్పి, వాపు, లేదా ఆయాసం, ఛాతీలో నొప్పి వచ్చినా, జ్వరంతో కుట్ల దగ్గర ఎరుపు, చీము కనబడినా తెల్లారేదాకా ఆగకుండా ఆస్పత్రికి వెళ్ళిపోండి.

తిండి గురించి ఒక మాట. "ఆపరేషన్ అయింది, గుడ్లు తింటే చీము పడుతుంది, పప్పు తింటే పుండు మానదు" అని పథ్యం పెట్టేస్తారు. మా ఇంట్లోనూ పెట్టారు, చారన్నంతో నెల గడిపాను, తొడ సగమైంది. ఆపరేషన్ తర్వాత కండ కరిగిపోకుండా ఉండాలంటే మాంసకృత్తులు మామూలుకంటే ఎక్కువే కావాలి. కిలో బరువుకు ఒకటిన్నర గ్రాముల చొప్పున, 70 కిలోల మనిషికి రోజుకు నూరు గ్రాములు పైనే. కిడ్నీ జబ్బులాంటివి ఉంటే డాక్టర్‌ను అడిగి. ఒక గుడ్డులో ఉండేది ఆరు గ్రాములే. ఆ లెక్కన పప్పు, పెరుగు, సెనగలు, చేపలు, చికెన్ అన్నీ కలిస్తేగానీ లెక్క తేలదు. సిగరెట్, ఖైనీ ఉంటే కనీసం ఈ ఏడాదైనా మానండి. గాయం మానడాన్ని పొగాకు ఆలస్యం చేస్తుంది.

ఆరో వారం దాకా: కుంటకుండా నడవడం

చంక కర్రలు ఎప్పుడు వదలాలి? కర్ర లేకుండా నాలుగు అడుగులు వేసినప్పుడు మడమ ముందు ఆని, మోకాలు పూర్తిగా చాచుకుని, కుంటు లేకుండా ఉంటేనే. చాలామందికి ఇది రెండు నుంచి నాలుగు వారాల మధ్య వస్తుంది. కుంటుతూ నడిస్తే మెదడు ఆ కుంటునే నేర్చుకుంటుంది. అలా నడవడం కంటే ఇంకో వారం ఒక కర్రతో నడవడం నయం.

వంపు 105, 110 డిగ్రీలకు వస్తే కదలని సైకిల్ తొక్కవచ్చు, సీటు ఎత్తుగా పెట్టి, బరువు లేకుండా. గోడకు ఆనుకుని సగం దాకా కూర్చుని లేవడం, వెల్లకిలా పడుకుని నడుము ఎత్తడం, మునివేళ్ళ మీద లేవడం, చిన్న మెట్టు ఎక్కి దిగడం ఈ రోజుల పాఠాలు. గ్రాఫ్ట్‌ను తొడ వెనక నుంచి తీసి ఉంటే మొదటి ఆరు నుంచి ఎనిమిది వారాలు మడమను పిరుదు వైపు బలంగా లాగే వ్యాయామాలు వద్దు. వంగి చెప్పు తీసుకోబోయినా ఒక్కోసారి వెనక 'చురుక్కు' మంటుంది, అక్కడ తీసిన చోటు కూడా మానాలి మరి.

బైకు కిక్ కొట్టడం, బాసింపట్టు వేసుకుని కూర్చోవడం, గొంతుకూర్చోవడం ఇప్పుడు వద్దు. పూర్తి వంపు, బలం వచ్చాక, అది చాలామందికి నాలుగైదు నెలలకు, ఫిజియో సరేనన్నాక మెల్లగా మొదలుపెట్టండి. పెళ్ళి భోజనాలకు వెళితే సిగ్గుపడకుండా కుర్చీ అడగండి.

వాపే మీ హెడ్మాస్టర్

ఇక్కడి నుంచి ఆఖరి దాకా రోజూ పొద్దున చేయాల్సిన పరీక్ష ఇది. కాలు చాచి కూర్చోండి. చిప్ప లోపలివైపు కింది నుంచి పైకి అరచేత్తో రెండు మూడుసార్లు తోయండి. తర్వాత బయటివైపు పైనుంచి కిందికి తోయండి. లోపలివైపు గుంటలో నీటి అల లాగా ఉబ్బి కనిపిస్తే మోకాల్లో నీరుంది. నిన్నటికంటే ఎక్కువైతే నిన్న చేసిన పని ఎక్కువైందని లెక్క. ఆ రోజు ఒక మెట్టు దిగండి. వ్యాయామం చేస్తుంటే నొప్పి పదికి రెండు మూడు దాకా ఉన్నా ఫరవాలేదు. మర్నాటికి తగ్గకపోతే ఫరవాలేదనకండి.

తిన్నగా వస్తోందా లేదా కూడా ఇంట్లోనే కొలవొచ్చు. బోర్లా పడుకుని మోకాళ్ళ నుంచి కాళ్ళు మంచం బయట వేలాడేయండి. రెండు మడమలు ఒకే ఎత్తులో ఉండాలి. దాదాపు సెంటీమీటరు తేడాకు ఒక డిగ్రీ తక్కువ అని మోటుగా లెక్క.

మూడో నెల: బరువులు, బోర్ కొట్టే బరువులు

ఈ దశలోనే ఎక్కువమంది ఫిజియో దగ్గరికి వెళ్ళడం మానేస్తారు. డబ్బులు, దూరం, సెలవులు అయిపోవడం, పైగా నడక బాగుంది. కుదరకపోతే నెలకు ఒకసారైనా వెళ్ళి కొత్త షెడ్యూల్ రాయించుకుని, ఊళ్ళో జిమ్‌లో వారానికి మూడు రోజులు చేయండి. లెగ్ ప్రెస్, స్క్వాట్, వెనక కాలు స్టూలు మీద పెట్టి చేసే ఒంటికాలి స్క్వాట్, డెడ్‌లిఫ్ట్, పిక్క. అన్నీ ముందు రెండు కాళ్ళతో, తర్వాత ఒంటికాలితో. లెగ్ ఎక్స్‌టెన్షన్ మెషీన్ గురించి భయపెట్టేవాళ్ళు చాలామంది ఉన్నారు. మొదట్లో 90 నుంచి 45 డిగ్రీల మధ్యనే చేసి, పూర్తిగా చాచడం ఫిజియో చెప్పినప్పుడు మొదలుపెడితే అది మంచి వ్యాయామమే. అసలు తొడ ముందు కండను ఒంటరిగా పట్టి పని చేయించేది అదే. స్క్వాట్‌లో పిరుదులు, మంచి కాలు కలిసి దొంగతనంగా బరువు మోసేస్తాయి, అద్దంలో చూసినా పట్టుకోలేం.

బరువు తేలికైతే పెంచండి. ఎనిమిది, పదిసార్లకు ఇక ఎత్తలేననిపించేంత బరువు ఉండాలి. రబ్బరు పట్టీలతో 30 సార్లు ఊపడం వల్ల తొడ తిరిగి రాదు. నేను ఆరు నెలలు అదే చేశాను.

పరుగు ఎప్పుడు?

క్యాలెండర్‌లో మూడు నుంచి నాలుగు నెలలు. కానీ ముందు ఇవి దాటాలి: పొద్దున నీరు కనబడకూడదు, మోకాలు మంచిదానంత తిన్నగా రావాలి, లెగ్ ఎక్స్‌టెన్షన్‌లో మంచి కాలి బరువులో కనీసం 70 శాతం ఎత్తాలి, కుర్చీలోంచి ఒంటికాలి మీద తూలకుండా 20 సార్లు లేవాలి, ఒంటికాలి మీద మునివేళ్ళు 20 సార్లు ఎత్తాలి.

అవన్నీ అయితే చదునైన గ్రౌండ్‌లో ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాల నడక, ఎనిమిదిసార్లు. రోజు విడిచి రోజు. పొద్దున పరీక్షలో వాపు లేకపోతే వారంవారం పరుగు నిమిషాలు పెంచండి. తారురోడ్డు వద్దు, దున్నిన పొలం గట్టు అసలే వద్దు. పరుగు చప్పుడు వినండి. 'టక్, డబ్, టక్, డబ్' అని రెండు కాళ్ళు వేరేవేరేగా మోగుతుంటే ఒక కాలు పని ఎగ్గొడుతోంది.

పరుగు కుదిరాక గెంతడం. రెండు కాళ్ళతో పెట్టె మీదికి, తర్వాత పెట్టె మీంచి కిందికి, ఆ తర్వాత ఒంటికాలితో. ఎగరడం ఎవరికైనా వస్తుంది, దిగడమే విద్య. మోకాలు వంచి, పిరుదులు వెనక్కి వేసి, పిల్లిలా చప్పుడు లేకుండా దిగాలి. దిగేటప్పుడు మోకాలు లోపలికి పడిపోతోందా అని ఫోన్‌లో వీడియో తీయించుకుని చూడండి. నా దగ్గర చదివిన అమ్మాయిల్లో ఒకరికి మంచి కాలు కూడా అలాగే పడుతోందని అప్పుడే తెలిసింది.

తొమ్మిది నెలల లెక్క ఎక్కడిది

పేపర్లో ఆటగాళ్ళ కథలు చదివి అందరూ నెలలు పోల్చుకుంటారు. క్రికెటర్ రిషభ్ పంత్‌కు 2022 డిసెంబర్ 30న కారు ప్రమాదంలో మోకాలి లిగమెంట్లు దెబ్బతిన్నాయి. మళ్ళీ మ్యాచ్ ఆడింది 2024 మార్చిలో, దాదాపు 15 నెలలకు. ఆ నెల 31న మన విశాఖపట్నంలోనే ఐపీఎల్‌లో చెన్నై మీద 32 బంతుల్లో 51 కొట్టాడు. రెజ్లర్ వినేశ్ ఫోగట్ 2023 ఆగస్టులో ఆపరేషన్ చేయించుకుని దాదాపు ఏడాదికి పారిస్ ఒలింపిక్స్ ఫైనల్ దాకా గెలుచుకుంటూ వెళ్ళింది. బ్యాడ్మింటన్‌లో కరోలినా మారిన్ 2019 జనవరిలో గాయపడి అదే ఏడాది సెప్టెంబర్‌లో చైనా ఓపెన్ గెలిచింది, ఎనిమిది నెలలు. కానీ 2021లో ఆమె రెండో మోకాలు, 2024 పారిస్ సెమీఫైనల్లో మళ్ళీ మొదటి మోకాలు దెబ్బతిన్నాయి. వీళ్ళకు రోజంతా వెంట ఉండే ఫిజియోలు ఉంటారు. మనకు సాయంత్రం గంట దొరికితే గొప్ప.

నార్వే, అమెరికా పరిశోధకులు కలిసి 2016లో ప్రచురించిన ఒక అధ్యయనం, ఆటకు కనీసం తొమ్మిది నెలలు ఆగాలనే లెక్కకు మూలం. ఆపరేషన్ తర్వాత ఆటకు తిరిగి రావడాన్ని వాయిదా వేసిన ప్రతి నెలకూ, తొమ్మిదో నెల వరకు, మళ్ళీ గాయమయ్యే రేటు 51 శాతం చొప్పున తగ్గిందని వాళ్ళు చూశారు. 25 ఏళ్ళలోపు వాళ్ళు ఆటకు తిరిగి వచ్చాక దాదాపు నలుగురిలో ఒకరికి రెండోసారి లిగమెంట్ తెగుతోందని అదే ఏడాది ఇంకో పరిశీలన చెప్పింది. అది అదే మోకాలు కావచ్చు, ఇంతకాలం బరువు మోసిన మంచి మోకాలైనా కావచ్చు. ఇంటర్ చదివే కుర్రాడు "సార్, ఆరో నెలలో జోనల్స్ ఉన్నాయి" అంటే నేను ఈ ఒక్క లెక్క చెప్పి పంపిస్తాను.

కోర్టు గేటు దగ్గర పరీక్షలు

తొమ్మిది నెలలు నిండాయి. ఇప్పుడు నోటు పుస్తకం తీయండి.

మొదటిది బలం. లెగ్ ఎక్స్‌టెన్షన్, లెగ్ కర్ల్ (మడమను పిరుదు వైపు లాగే మెషీన్) రెండింట్లో ఆపరేషన్ కాలు మంచి కాలి బలంలో 90 శాతం దాటాలి. ఇందులో ఒక మోసం ఉంది: ఈ తొమ్మిది నెలల్లో మంచి కాలు కూడా నీరసించింది. నీరసించిన కాలితో పోలిస్తే 90 తేలిగ్గా వచ్చేస్తుంది. ఆపరేషన్‌కు ముందు రాసుకున్న అంకెతో పోల్చండి. నేను పుస్తకం పెట్టమన్నది ఇందుకే.

రెండోది ఒంటికాలి గెంతులు. నేల మీద టేపు పరిచి నాలుగు రకాలు చేయండి: ఒక గెంతు దూరం, వరసగా మూడు గెంతుల దూరం, గీతకు అటూ ఇటూ దాటుతూ మూడు గెంతుల దూరం, ఆరు మీటర్లు ఒంటికాలితో ఎంతసేపట్లో దాటారో టైం. దూరాల్లో దిగినచోట రెండు సెకన్లు కదలకుండా నిలబడితేనే లెక్క. ఆపరేషన్ కాలి దూరాన్ని మంచి కాలి దూరంతో భాగించి వందతో గుణించండి, 90 పైన రావాలి. టైం పరీక్షలో మాత్రం మంచి కాలి టైంను ఆపరేషన్ కాలి టైంతో భాగించాలి. దూరం సరిపోయినా మోకాలు వణికితే నా దృష్టిలో ఫెయిలే.

మూడోది తలలో ఉంటుంది. ఆపరేషన్ అయినవాళ్ళలో 65 శాతం మంది మాత్రమే గాయానికి ముందున్న స్థాయికి తిరిగి వచ్చారని 2014లో చాలా అధ్యయనాలను కలిపి చూసినవాళ్ళు తేల్చారు. పోటీ ఆటలకు వచ్చింది 55 శాతమే. మోకాలు బాగుండి కూడా భయంతో ఆగిపోయినవాళ్ళు అందులో ఎంతోమంది. ఈ భయాన్ని కొలవడానికి 12 ప్రశ్నల జాబితా ఒకటి ఫిజియోల దగ్గర ఉంటుంది, అడిగి నింపండి. టెన్షన్ ఉందని చెప్పుకోవడం పిరికితనం అనుకునే వాతావరణం మన కోర్టుల్లో ఉంది. చెప్పకుండా దిగినవాడు కాలు పూర్తిగా వేయలేక సగం అడుగుతో ఆడతాడు, దాంతోనే పడతాడు.

కోర్టులోకి మెట్టు మెట్టుగా

పరీక్షలు పాసైన మర్నాడే మ్యాచ్ కాదు. నేను పిల్లలకు పెట్టే వరస ఇది. ఒక్కో మెట్టు మీద కనీసం వారం, పొద్దున వాపు పరీక్షలో పాసైతేనే పైది.

ఖాళీ కోర్టులో కూత. మధ్యగీత నుంచి మగవాళ్ళ కోర్టులో బోనస్ గీత 4.75 మీటర్లు. అక్కడిదాకా వెళ్ళి తిరగడం, ముందు సగం వేగంతో, తర్వాత పూర్తి వేగంతో. 30 సెకన్ల రైడ్, నిమిషం విశ్రాంతి, పదిసార్లు. తిరిగేటప్పుడు ఒక్క పెద్ద అడుగుతో కాకుండా రెండు మూడు చిన్న అడుగులతో వేగం తగ్గించి తిరగడం నేర్చుకోండి. నన్ను పడగొట్టింది ఆ పెద్ద అడుగే.

తర్వాత ఎదురుగా డిఫెండర్లు నిలబడతారు, కదులుతారు, పట్టరు. ఇక్కడ మొదటిసారి మీ కళ్ళు కాలి మీంచి మనుషుల మీదికి వెళతాయి. కాలి గురించి ఆలోచించకుండా కాలు సరిగ్గా పడుతోందా అన్నది ఈ మెట్టులోనే తేలుతుంది, అందుకే ఇక్కడ రెండు వారాలు ఉంచుతాను.

ఆపై ఒక్క డిఫెండర్, నడుము పట్టు మాత్రమే. తర్వాత తొడ పట్టు. చీలమండ పట్టు ఆఖరున. మడమ దగ్గర పట్టి లాగితే మెలిక అంతా మోకాలికే వస్తుంది. ఆ పట్టును ముందు మెల్లగా, చెప్పి పట్టించుకోండి. చెప్పకుండా పట్టేది చివరి వారం. మ్యాట్ ఉంటే ముందు మ్యాట్ మీద, మ్యాట్ బూట్లతో సాధన చేయండి. మ్యాట్ మీద బూటు గట్టిగా అతుక్కుంటుంది, మట్టి మీద జారుతుంది. ఏది ఆడబోతే దాని మీద అలవాటు పడాలి.

మొదటి మ్యాచ్‌లో ఐదు నిమిషాలు. వారం తర్వాత పది. ఊరి టోర్నమెంట్లలో రాత్రంతా నాలుగైదు మ్యాచ్‌లు ఆడిస్తారు, అలాంటి చోట మొదటి సీజన్‌లో ఒక్క మ్యాచ్‌కే ఒప్పుకోండి. అలసిన కాలు తప్పుగా దిగుతుంది.

ఆటలోకి వచ్చాక కూడా వారానికి రెండుసార్లు ఒంటికాలి బరువులు ఆగకూడదు. ఆటకు ముందు 20 నిమిషాల వార్మప్ కూడా: ఫిఫా ఫుట్‌బాల్ వాళ్ళ కోసం తయారుచేయించిన 11 ప్లస్ వ్యాయామాలు కబడ్డీకి కూడా బాగానే సరిపోతాయి. పరుగు, కండ బలం, బ్యాలెన్స్, సరిగ్గా దిగడం అన్నీ అందులో ఉన్నాయి. మా స్కూల్లో గాయమైనవాళ్ళే కాదు, జట్టంతా చేస్తుంది. మొదట్లో పిల్లలు నవ్వారు.

రెండోసారి నేను కూతకు వెళ్ళింది పదకొండో నెలలో. బాల్క్ లైన్ (కూతకు వెళ్ళినవాడు తప్పక దాటాల్సిన గీత) దాటి ఎవరినీ ముట్టుకోకుండా తిరిగొచ్చాను, పాయింటు రాలేదు. బయట బెంచీ మీద కూర్చుని ప్యాంటు పైకి మడిచి చిప్ప లోపలివైపు అరచేత్తో తోసి చూసుకున్నాను. నీరు లేదు. మళ్ళీ లోపలికి పంపమని కెప్టెన్‌కు సైగ చేశాను.